బంగారపు రాయి నూరే మిల్లు: డ్రమ్ము తిరుగుతుండాది, రాయి మాత్రం నలగడం లేదు, తెలిసినోళ్లు చెప్పండి

పొదలకూరు_రోడ్డు_షెడ్
సోమవారం, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. నెల్లూరులో మాది ఫ్యాబ్రికేషన్ షెడ్డు, ఇరవై ఏళ్ల నుంచి ఇదే పని, పలుగురాయి మిల్లులకి అభ్రకం మిల్లులకి డ్రమ్ములు, జల్లెళ్లు, కన్వేయర్లు చేసిచ్చినోణ్ణే. ఇప్పుడు చెయ్యని పని ఒకటి నెత్తిన పడింది. మా చెల్లెలి మొగుడు టాంజానియాలో గెయిటా దగ్గర ఉండాడు, ఆడ లైసెన్సు ఉండే లోకల్ ఆయన దగ్గర మెకానిక్కు. అక్కడ చిన్న చిన్న బంగారు గనులంట, మనుషులే బావి మాదిరి తవ్వి రాయి పైకి లాగతారు, ఆ రాయి కొట్టి పొడి చేసి కడిగితే బంగారం. ఆ రాయి నూరే మిల్లు ఒకటి చేసి పంపించు బావా, మన పలుగురాయి లాంటిదే గదా అన్నాడు. నేనూ అట్టనే అనుకున్నా.

చేసింది ఇదీ. డ్రమ్ము లోపల వ్యాసం 900 మి.మీ., పొడుగు 1200, 12 మి.మీ. ప్లేటు. 20 హెచ్‌పీ మోటారు, 1440 ఆర్‌పీఎం. మోటారు పుల్లీ 6 అంగుళాలు, ఎదురు పుల్లీ 24, దాని తర్వాత గేరు 1కి 6. లోపల 1200 కిలోల ఇనప గుండ్లు. నిన్న గూడూరు వైపు నుంచి తెప్పించిన 20 ఎం.ఎం. పలుగురాయి చిప్స్ పోసి రెండు గంటలు తిప్పినాం. తీసి చూస్తే చిప్స్ చిప్స్ మాదిరే ఉండాయి, మూలలు కొంచెం అరిగినాయి అంతే. ఇంకోటి, మొదట్లో దడదడమన్నది స్పీడు అందుకోంగానే చప్పుడు నిలబడిపోయింది, గిర్రున తిరగతా ఉంది, లోపల ఏమీ లేనట్టే. గుండ్లు తక్కువయ్యాయా? ఈ లోపల మా బావ ఫోన్ చేసి ఇక్కడ కొందరు హామర్ మిల్లు, అదే లోపల సుత్తులు గిర్రున తిరిగి రాయిని కొట్టేది, వాడతన్నారు, చవక, అదే పంపించు అంటున్నాడు. ఏది మంచిదో చెప్పండబ్బా.


లేత్_మేస్త్రి_ఒంగోలు

తమ్ముడూ గుండ్లు తక్కువ కాలేదు, స్పీడు ఎక్కువైంది. నీ లెక్కే వేసి చూడు. 1440 ని 6 ఇంటూ చేసి 24 తో భాగిస్తే 360, దాన్ని గేరు 6 తో భాగిస్తే 60. అంటే డ్రమ్ము నిమిషానికి 60 చుట్లు తిరగతంది. 900 డ్రమ్ముకి అది చాలా ఎక్కువ. బకెట్లో నీళ్లు పోసి చేత్తో గిరగిరా తిప్పితే నీళ్లు కింద పడవు గదా, అదే జరిగింది నీ డ్రమ్ములో, గుండ్లన్నీ గోడకి అతుక్కుని డ్రమ్ముతో పాటే తిరిగినాయి, పైనుంచి కిందకి పడితేనే గదా రాయి పగిలేది. చప్పుడు పోయిందన్నావు చూడు, అదే సాక్ష్యం.

లెక్క రాసుకో, ఎప్పటికైనా పనికొస్తది. డ్రమ్ము లోపలి వ్యాసం మీటర్లలో తీసుకో, దానికి వర్గమూలం కట్టు, 42.3 ని దాంతో భాగించు. నీకు 0.9 కి వర్గమూలం 0.949, భాగిస్తే 44.6 వస్తది. ఆ స్పీడు దాటితే గుండు పడదు. నూరాలంటే అందులో 65 నుంచి 75 శాతం మధ్య తిప్పాలి, అంటే 29 నుంచి 33. నువ్వు తిప్పింది 60.

మార్చడం పెద్ద పనేం కాదు. 1440 మోటారు తీసి 960 ది పెట్టు, 24 పుల్లీ తీసి 32 ది వెయ్యి. 960 ఇంటూ 6 బై 32 అంటే 180, గేరు 6 తో భాగిస్తే సరిగ్గా 30. గేరు జోలికి పోనక్కర్లేదు.

ఇంకో మాట, లోపల ప్లేటు నున్నగా వదిలేశావా? లిఫ్టర్లు, అదే గుండ్లని పైకెత్తే పట్టీలు, ఉన్నాయా?


పొదలకూరు_రోడ్డు_షెడ్

అన్నా నువ్వు దేవుడివి. లిఫ్టర్లు లేవు, ఉత్త ప్లేటే. 60 చుట్లు ఎక్కువని ఒక్కడూ చెప్పలా, నాకు బియ్యం మిల్లు లెక్కలు తెలుసు గానీ గుండ్ల మిల్లు ఎప్పుడూ గేరు బాక్సుతో సహా కొనకొచ్చి బిగించడమే గదా, స్పీడు నేను కట్టింది ఇదే మొదటిసారి.


లేత్_మేస్త్రి_ఒంగోలు

లిఫ్టర్లు లేకుండా 30 లో తిప్పితే గుండ్లు కింద జారతా కూర్చుంటయ్, పైకి ఎక్కవు. పొడుగునా పట్టీలు బిగించు, 8 అయినా ఉండాలి. పాత లారీ కమాను పట్టీలు దొరుకుతాయి, అది గట్టి స్టీలు, బోల్టుల మీద బిగించు, వెల్డింగ్ చెయ్యమాక, అరిగినప్పుడు ఊడదీసి మార్చాలి గదా. వాటి మధ్య లైనర్ ప్లేట్లు కూడా వెయ్యి. 12 మి.మీ. మెత్త ప్లేటు మీద పలుగురాయి ఎన్నాళ్లు తిరిగితే చిల్లి పడుద్దో నీకు నేను చెప్పక్కర్లేదు, నెల్లూరోడివి.

గుండ్లు అన్నీ ఒకే సైజు వేశావా? 20 మి.మీ. రాయి పగలాలంటే 75 మి.మీ. గుండ్లు కొన్ని ఉండాలి, సన్నగా నూరాలంటే 40 వి ఉండాలి, మధ్యలో 60 వి. కలిపి వెయ్యి. డ్రమ్ములో మూడో వంతు పైన కొంచెం నిండాలి, నీ 1200 కిలోలు దానికి సరిపోద్ది.

చెవి పెట్టి వినడం నేర్చుకో. గుండు మీద గుండు పడి టంగుటంగుమంటే లోపల రాయి చాల్లేదని. మూగగా దుబ్బుదుబ్బుమంటే రాయి ఎక్కువైందని. ఆ రెంటికీ మధ్యన ఉండాలి.


చీమకుర్తి_క్రషర్

మేస్త్రి గారు చెప్పింది నూటికి నూరు పాళ్లు. నేను హామర్ మిల్లు గురించి చెప్తా, నాకు కంకర క్రషర్ ఉంది, హామర్ మిల్లుతో నేను పడిన బాధ ఇంకోళ్లు పడకూడదు. గ్రానైట్ వేస్టు నుంచి డస్ట్ తీద్దామని కొన్నా, గ్రానైట్లో ఉండేది సగం పైన ఫెల్డ్‌స్పార్, పలుగు తక్కువ, అయినా గానీ సుత్తులు వారానికి గుండ్రంగా అయిపోయేవి. సాయంత్రం పూట ఊడదీసి హార్డ్‌ఫేసింగ్ రాడ్డుతో మళ్లీ కట్టుకోవడం, బరువు తేడా వస్తే షాఫ్టు ఒణకడం, బేరింగులు పోవడం. మీకు వచ్చేది ఉత్త పలుగురాయి అయితే ఆ సుత్తులు ఎన్ని రోజులు వస్తాయో ఊహించుకో. కొనేటప్పుడు చవకే, నడిపేటప్పుడు కాదు. అడవిలో రాడ్డు అయిపోతే మిల్లు ఆగిపోయినట్టే.

అయితే ఒక్క మాట, మెత్తగా మట్టిలా మారిన రాయి, పైన ఎర్రగా కుళ్లిన రాయి అయితే హామర్ మిల్లు బాగా చేస్తది. లోతుకు పోయేకొద్దీ గట్టి రాయి వస్తది, అప్పుడు తెలుస్తది.

మరి ముందు రాయి 20 ఎం.ఎం. కి ఎట్లా తెస్తున్నారు అక్కడ? సుత్తితో కొడతన్నారా? చిన్న జా క్రషర్ పంపించండి, రెండు ఇనప దవడల మధ్య రాయిని నలిపేది, నోరు 10 బై 6 అంగుళాలది చాలు. జా ప్లేట్లు మాంగనీస్ స్టీలువి అడుగు, 12 నుంచి 14 శాతం మాంగనీస్ ఉంటది, దెబ్బ తగిలేకొద్దీ పైన గట్టిపడే రకం. రెండు సెట్లు ఎక్స్‌ట్రా పంపించు. ప్లేటు కింద భాగమే ముందు అరుగుద్ది, పారెయ్యకుండా తల్లకిందులు చేసి బిగిస్తే ఇంకో జీవితం వస్తది. ఇంకా, 5 అంగుళాల రాయి వేసి అర అంగుళం రావాలని చూడొద్దు, జా ఒక్క దెబ్బలో నాలుగైదు రెట్లే తగ్గిస్తది, అంతకన్నా కింద సందు బిగిస్తే ప్లేట్లు తింటది, టాగిల్ (దవడని వెనక నుంచి తోసే ప్లేటు) పోద్ది.


గెయిటా_సైట్

నమస్తే అన్నయ్యలందరికీ, ఆ బావని నేనే. ఇక్కడ ఎట్టా ఉంటదో రాస్తా, చూడకుండా చెప్పడం కష్టం గదా.

బావిలోంచి రాయి సంచుల్లో పైకొస్తది. ఆడోళ్లు, ముసలోళ్లు చెట్టు కింద కూర్చుని సుత్తితో బఠాణీ గింజంత చేస్తారు. తర్వాత మిల్లు, ఇక్కడ దాన్ని కరాషా అంటారు, మన డ్రమ్మే, చిన్నది, డీజిల్ ఇంజనుతో నడుస్తది. పొడిగానే నూరతారు, నీళ్లు ఉండవు. మూత తీసినప్పుడు మిల్లోడు కనపడడు, తెల్ల పొగలో ఉంటాడు. ఆ పొడి తెచ్చి పలక చెక్క మీద గోనెపట్టా పరిచి నీళ్లు పోసి కడగతారు, బరువుది పట్టాలో ఇరుక్కుంటది. పట్టా దులిపి బేసిన్లో వేసుకుని పాదరసం కలిపి చేతుల్తోనే పిసుకుతారు, గుడ్డలో వేసి పిండి, ముద్ద కాలుస్తారు, బంగారం మిగులుద్ది. కడిగేసిన మట్టిని మరూడియో అంటారు, అది పారెయ్యరు, దాన్ని సైనైడ్ తొట్లు (సైనైడ్ నీళ్లలో నానబెట్టి మిగిలిన బంగారం తీసేవి) ఉండేవాళ్లు తీసుకుంటారు. మొదట కడిగినోడికి వచ్చేది కొంచెం, తొట్టి వాడికి వచ్చేదే ఎక్కువ అని అందరూ గొణుక్కుంటారు.

కరెంటు మన మాదిరే, 50 సైకిళ్లు, త్రీ ఫేజ్ 400, కాబట్టి మోటారు అక్కడి నుంచి వచ్చినా పర్లేదు. మాకు జెనరేటర్ ఉంది. నీళ్లు వర్షాకాలం బాగా, ఎండల్లో ట్యాంకరు.


జియాలజీ_ఎస్వీయూ

బాబాయ్, మిల్లు సంగతి మేస్త్రి గారు చూసుకుంటారు గానీ అసలు ప్రశ్న ఎవరూ అడగలేదు. ఎంత సన్నగా నూరాలి? దానికి జవాబు మిల్లు చెప్పదు, రాయి చెప్తుంది. కొన్ని రాళ్లలో బంగారం ఇసక రేణువంత ఉంటుంది, 1 మి.మీ. కి కొడితే విడిపోతుంది. కొన్నిట్లో 0.1 మి.మీ. కన్నా చిన్నగా పలుగులో ఇరుక్కుని ఉంటుంది, ఎంత కడిగినా రాయితో పాటే కాలవలో పోతుంది. ఆ తొట్టి వాడికి ఎక్కువ వస్తుందంటే మొదట నూరింది చాల్లేదనో, కడగడం బాగాలేదనో అనుమానం, రెండూ కావొచ్చు.

సైట్ బాబాయ్ ఈ పని ఒక్కటి చెయ్యండి, ఖర్చు లేదు. గుట్టలో ఒకచోట కాకుండా పది చోట్ల నుంచి కొంచెం కొంచెం తీసి 2 కిలోల రాయి తీసుకోండి. ఇనప రోట్లో వేసి రోకలితో దంచండి, 1 మి.మీ. జల్లెడలో పట్టండి, మిగిలింది మళ్లీ దంచండి, అంతా దిగేదాకా. తర్వాత ఆ 2 కిలోలు వెడల్పాటి బేసిన్లో నీళ్లలో కడగండి, మన ఆడవాళ్లు చేటలో బియ్యం చెరిగేటప్పుడు మెరికలు ఒక పక్కకి పోగేస్తారే అట్లా, వాలుగా పట్టి నిదానంగా తిప్పుతూ. తెల్ల ఇసక పోతుంది, నల్ల ఇసక మిగుల్తుంది, ఇంకా తిప్పితే ఆ నల్లదాని చివర పసుపు గీత ఒకటి తోక లాగా కనిపిస్తుంది. ఆ తోక పొడుగు చూసుకోండి, ఫోటో తీసుకోండి. కారిపోయిన ఇసకంతా పారబొయ్యకుండా ఎండబెట్టి, మళ్లీ దంచి, ఈసారి 0.5 జల్లెడ, మళ్లీ కడగండి. తర్వాత 0.2. ఎన్నో సారి దగ్గర కొత్త తోక రావడం ఆగిపోయిందో అక్కడ మీ సైజు.

బంగారం సాంద్రత 19.3, పలుగురాయి 2.65, అందుకే ఇంత సులువుగా విడిపోతుంది, కానీ విడిగా ఉంటేనే.

ఎందుకు ఇంత పట్టు పడుతున్నానంటే సన్నగా నూరడం ఊరికే రాదు. 20 మి.మీ. నుంచి 0.25 కి తేవడానికి పట్టే కరెంటుకి దాదాపు రెట్టింపు పడుతుంది 0.075 కి తేవాలంటే. అదే మిల్లు, అదే 20 హెచ్‌పీ, గంటకి టన్ను పైన ఇచ్చేది సగం టన్నుకి పడిపోతుంది. అవసరం లేకుండా నూరితే డీజిల్ దండగ, అవసరం ఉండి నూరకపోతే బంగారం దండగ.


ఆచారి_వీధి

నెల్లూరు ఆచారి వీధిలో కుంపటి ముందు కూర్చునే వాణ్ణి, మిషన్లు తెలియవు గానీ బంగారం తెలుసు కాబట్టి ఒక మాట. ఎక్కువ నూరినా నష్టమే. బంగారం మెత్తన, పగలదు, దెబ్బ పడితే రేకు అవుతుంది. సుత్తి మిల్లులో గానీ గుండ్ల మిల్లులో గానీ పెద్ద రేణువు అట్టనే తిరగతా ఉంటే సాగి సాగి పల్చని రేకు అవుతుంది, ఆ రేకు నీళ్ల మీద తేలిపోతుంది, 19 రెట్ల బరువున్నా సరే. మా దగ్గర ఆకురాయి పొడి కడిగేటప్పుడు చూస్తుంటాం, చిన్న గుండ్రటిది అడుక్కి పోతుంది, పల్చనిది నీటి పొర మీదే నిలబడుతుంది, వేలితో తడిపి ముంచాలి. కాబట్టి పెద్ద బంగారం ముందే తీసేయండి, మిల్లులో తిప్పతా కూర్చోకండి.

మా వీధి కాలవ మట్టి కడిగి బతికే వాళ్లు ఉండారు, మేం ఊడ్చి పారేసిన దాంట్లోంచి. వాళ్లకి ఏ మిషనూ లేదు, చెక్క పళ్లెం, నీళ్లు, ఓపిక.


జియాలజీ_ఎస్వీయూ

ఆచారి గారు చెప్పిందే పెద్ద ప్లాంట్లలో కూడా చేస్తారు. మీ పనికైతే ముందు 1 మి.మీ. కి నూరి స్లూయిస్ మీద, అంటే పట్టా పరిచిన వాలు చెక్క మీద, పెద్ద బంగారం తీసేసి, మిగిలిన ఇసకనే మళ్లీ మిల్లుకి వేసి సన్నగా నూరి ఇంకోసారి కడగడం. రెండు దశలు. మీ మిల్లు ఒక్కటే అయినా పగలు ముతక, రాత్రి సన్నం అని నడుపుకోవచ్చు.

ఒక జాగ్రత్త, మిల్లు లోపల లైనర్ల సందుల్లో, లిఫ్టరు పట్టీల కింద బంగారం పేరుకుంటుంది. బరువు కదా, దిగిపోతుంది. లైనర్ మార్చేటప్పుడు ఆ బురదంతా బేసిన్లో పట్టుకోండి. అద్దెకి నూరిచ్చే మిల్లులైతే ఆ బంగారం ఎవరిదనే గొడవలు వస్తాయి, ముందే మాట్లాడుకోండి.


సైదాపురం_అక్క

అన్నా, నేను మామూలుగా ఇక్కడ రాయను, చదువుతా అంతే. పొడి మిల్లు మూత తీస్తే మనిషి కనపడడు అని చదివాక నిద్ర పట్టలా, అందుకే రాస్తున్నా.

మా నాయన మా ఊరి దగ్గర పలుగురాయి పొడి మిల్లులో పద్దెనిమిదేళ్లు పని చేశాడు. ఏ మిల్లో రాయను, ఇప్పుడది లేదు కూడా. సాయంత్రం ఇంటికొస్తే కనురెప్పల మీద కూడా తెల్లగా ఉండేది, మేం పిల్లలం నవ్వేవాళ్లం పిండి మిల్లు నుంచి వచ్చినట్టుందని. మూతికి తువ్వాలు కట్టుకునేవాడు. ముందు దగ్గు, తర్వాత మెట్లెక్కితే ఆయాసం, తర్వాత అన్నం తింటా మధ్యలో ఆగి ఊపిరి తీసుకోవడం. టీబీ అని మందులు వాడినాం, తగ్గలా. తిరుపతిలో ఎక్స్‌రే చూసిన డాక్టరమ్మ ఏం పని చేస్తాడమ్మా మీ నాయన అని అడిగింది, పలుగురాయి మిల్లు అంటే పెన్ను పక్కన పెట్టేసింది. సిలికోసిస్. దానికి మందు లేదు, ఊపిరితిత్తుల్లో పడిన రాయి దుమ్ము బయటికి రాదు, మచ్చలు కట్టి గట్టిపడతాయంతే, టీబీ కూడా తొందరగా పట్టుకుంటుంది. యాభై రెండేళ్లకి పోయినాడు.

కంటికి కనపడే దుమ్ము కాదన్నా చంపేది, కనపడనిది, 4 మైక్రాన్ల కన్నా చిన్నది, అది గాలిలోనే గంటలు ఉంటుంది, ఊపిరి చివరిదాకా పోతుంది. తువ్వాలు దాన్ని ఆపదు. నువ్వు చేసేది నూరే మిల్లు, పలుగురాయికి, పొడిగా. ఆ మూత తీసేవాడు కూడా ఎవరికో నాయనే గదా. తడిగా నూరే మిల్లు చెయ్యి అన్నా, దయచేసి.


మార్కాపురం_పలక

అక్కా మీ నాయన గురించి చదివి బాధేసింది. మా పలకల ఫ్యాక్టరీల్లో కూడా కోత దగ్గర ఇదే కథ, నీళ్లు పెట్టి కోసే చోట ఉన్నోళ్లు బాగున్నారు, పొడి కోతోళ్లు దగ్గుతా ఉంటారు. కళ్లతో చూసిన మాట.


పొదలకూరు_రోడ్డు_షెడ్

అమ్మా, నీకు ఏం రాయాలో తెలియడం లా. నేనూ ఆ మిల్లులకి డ్రమ్ములు చేసిచ్చినోణ్ణే. పొడి మిల్లు చెయ్యను. తడిదే చేస్తా, ఇది ఖాయం. బావా నీళ్లు నువ్వు ఎట్టా తెచ్చుకుంటావో చూసుకో.

మేస్త్రి అన్నా, తడికి మారిస్తే ఏమేం మార్చాలి?


లేత్_మేస్త్రి_ఒంగోలు

తడి మిల్లుకి రెండు పక్కలా బోలు ట్రనియన్, అదే బేరింగు మీద తిరిగే బోలు గొట్టం, పెట్టు, ఇటు రాయీ నీళ్లూ లోపలికి, అటు నుంచి బురద పొంగి బయటికి. మూత తీసి ఖాళీ చేసే పనే ఉండదు, ఆగకుండా నడుస్తది. ట్రనియన్ బేరింగుకి బురద తగలకుండా సీలు బాగా చెయ్యి, అక్కడ పలుగు బురద పోతే బేరింగు నెల రోజులు రాదు.

నీళ్లు ఎంత పొయ్యాలంటే, బురద మరీ పల్చనైతే గుండు గుండుకి కొట్టుకుంటది, మరీ చిక్కనైతే గుండ్లు బురదలో ఈదతా నూరవు. బయటికొచ్చే బురద ఒక లీటరు మగ్గులో పట్టి తూకం వెయ్యి. 1.7 నుంచి 1.8 కిలోలు తూగాలి. తక్కువ తూగితే నీళ్లు తగ్గించు, ఎక్కువైతే పెంచు. పక్కన మగ్గూ తక్కెడా తాడుతో కట్టేసి పెట్టమను.

జా క్రషర్ నోటి దగ్గర కూడా సన్న నీటి జల్లు పెట్టు, అక్క చెప్పిన దుమ్ము అక్కడా లేస్తది.


గెయిటా_సైట్

నీళ్ల సంగతి, కిందికి మూడు గుంటలు తీస్తాం వరసగా, బురద మొదటి గుంటలో దిగి, మూడో గుంట నుంచి తేటనీళ్లు పంపుతో మళ్లీ పైకి. ట్యాంకరు ఖర్చు సగం తగ్గుద్ది అనుకుంటున్నా.


కొత్త_మెంబర్_ఉదయగిరి

సార్ మధ్యలో అడుగుతున్నందుకు క్షమించాలి. మా పొలం గట్టు మీద తెల్ల రాళ్లలో పసుపు రంగు మెరుస్తుంది. అది బంగారమా? ఇట్లాంటి చిన్న మిల్లు పెట్టి నేనే తీసుకోవచ్చా?


జియాలజీ_ఎస్వీయూ

అన్నా, మెరిసే ముక్క ఒకటి సూదితో తీసి రాయి మీద పెట్టి సుత్తితో కొట్టండి. పొడి అయిపోతే పైరైట్ (బంగారంలా మెరిసే ఇనుము, గంధకం కలిసిన ఖనిజం), ఆకుల్లాగా పొరలు లేస్తే అభ్రకం, మన జిల్లాలో అదే ఎక్కువ. చదునుగా సాగితే అప్పుడు ఆలోచించాలి. ఇంకో గుర్తు, బంగారం నీడలో పెట్టినా అదే పసుపు, పైరైట్ తిప్పితే మెరుపు మారుతుంది.

బంగారమే అయినా మీరు తవ్వుకోవడానికి లేదు. పొలం మీదే అయినా బంగారం 1957 గనుల చట్టం కింద ప్రధాన ఖనిజం, లీజు లేకుండా తవ్వితే నేరం, 2015 సవరణ తర్వాత లీజులు వేలంలోనే. మన దేశంలో చిన్నవాళ్లు చట్టప్రకారం బంగారం తీసే పద్ధతి లేదు. కోలార్ 2001 ఫిబ్రవరిలో మూతపడింది, ఇప్పుడు పెద్దగా నడిచేది రాయచూర్ జిల్లా హట్టి. ఈ చర్చ టాంజానియా పని గురించి, అక్కడ చిన్న గనులకి వేరే లైసెన్సు ఉంది, అదీ ఆ దేశం వాళ్లకే.


కొత్త_మెంబర్_ఉదయగిరి

పొడి అయిపోయింది సార్. థాంక్యూ.


క్వారీ_నైట్‌షిఫ్ట్

ఇంత కష్టం ఎందుకు బ్రదర్స్, మిల్లులోనే పాదరసం పోసేస్తే బంగారం అంతా పట్టేసుకుంటది గదా, యూట్యూబ్‌లో చూశా, నూరడం పట్టడం ఒకేసారి అయిపోతది.


ఆచారి_వీధి

అబ్బాయ్, అది చెయ్యొద్దు, చెయ్యమని ఎవరికీ చెప్పొద్దు. మిల్లులో గుండ్ల కింద పడి పాదరసం పిండి పిండిగా చిట్లిపోతుంది, ఆ సన్న చుక్కలు మళ్లీ కలవవు, బంగారాన్ని కూడా పట్టుకుని బురదతో పాటు వెళ్లిపోతాయి. పాదరసం పోయె, బంగారం పోయె, వాగు పోయె. మా తాతల కాలంలో మలామా పూత అని పాదరసంతో వెండి మీద బంగారం పూసేవాళ్లు, ఆ పని చేసిన వాళ్ల చేతులు ముసలితనంలో వణికేవి, గ్లాసు పట్టుకోలేక పోయేవాళ్లు. అప్పుడు వయసు వల్ల అనుకున్నాం. ముద్ద కాల్చినప్పుడు వచ్చే ఆవిరికి వాసన ఉండదు, రంగు ఉండదు, పక్కన కూర్చున్న బిడ్డ కూడా పీలుస్తుంది.


జియాలజీ_ఎస్వీయూ

పాదరసం వాడకం తగ్గించడానికి దేశాలు చేసుకున్న 2013 మినమాటా ఒప్పందంలో దీన్ని పేరు పెట్టి రాశారు. మొత్తం రాయిలో పాదరసం కలపడం, ముద్దని బయట కాల్చడం, ఇళ్ల మధ్య కాల్చడం, పాదరసం కలిసిన మట్టిని అది తియ్యకుండా సైనైడ్‌కి వెయ్యడం, ఈ నాలుగూ ఆపాలని. మన దేశం 2018 లో ఆమోదించింది. సైట్ బాబాయ్ చెప్పిన పద్ధతిలో వీటిల్లో కొన్ని ఉన్నట్టే అనిపిస్తుంది. ప్రపంచంలో మనుషుల పనుల వల్ల గాలిలోకి పోయే పాదరసంలో మూడో వంతు పైన చిన్న బంగారు గనుల నుంచే.

దానికి దారి ఉంది. ఫిలిప్పీన్స్ బెంగెట్‌లో చిన్న గనుల వాళ్లు పాదరసం లేకుండా చేస్తున్నారు. బాగా కడిగి కడిగి నల్ల ఇసక గుప్పెడే మిగిలే దాకా తెచ్చి, అయస్కాంతంతో ఇనుము తీసేసి, బోరాక్స్ వేసి మూసలో కరిగిస్తారు.


ఆచారి_వీధి

బోరాక్స్ అంటే మన వెలిగారం! నేను రోజూ వాడేదే. వెలిగారం వేస్తే ఇసకా మలినమూ గాజులాగా కరిగి పైకి తేలుతుంది, బంగారం అడుగున గుండు కడుతుంది. కాకపోతే ఇసక ఎక్కువుంటే వెలిగారం చాలదు, అందుకే బాగా కడగాలి. గెయిటా బావగారూ, నేర్పమంటే వీడియో కాల్‌లో చూపిస్తా, కుంపటి, మూస, పటకారు ఉంటే చాలు. డబ్బులేం వద్దు.


చీమకుర్తి_క్రషర్

మిల్లు నుంచి, జా నుంచి ఇనప రజను కూడా వస్తది కడిగినదాంట్లో, అయస్కాంతం మర్చిపోవద్దు. పాత స్పీకర్ది పనికొస్తది, ప్లాస్టిక్ కవర్ చుట్టి తిప్పండి, కవర్ తీస్తే రజను రాలిపోతది.


పొదలకూరు_రోడ్డు_షెడ్
మూడు వారాల తర్వాత

అప్‌డేట్. 960 మోటారు, 32 పుల్లీ, కమాను పట్టీలు ఎనిమిది, ట్రనియన్లు, సీళ్లు అన్నీ అయినాయి. నిన్న సాయంత్రం స్టార్ట్ చేసినాం. మేస్త్రి అన్నా ఆ చప్పుడు వింటే నీకు ఫోన్ చెయ్యాలనిపించింది, వాన ముందు ఉరిమినట్టు ఆగకుండా, షెడ్డు నేల కూడా అదురుతుండాది. అదే చిప్స్, అవతలి నుంచి తెల్ల బురద చిక్కటి మజ్జిగ మాదిరి వచ్చింది. మగ్గు తూకం మొదట 1.5, నీళ్లు కట్టేసి చూస్తే 1.9, ఆఖరికి 1.75 దగ్గర నిలబెట్టినా. వాల్వు మీద అక్కడ పెయింటుతో గీత గీసినా. 1 మి.మీ. జల్లెడ మీద నిలబడింది చాలా తక్కువ. షెడ్డులో దుమ్ము లేదు, మా వాళ్లు టీ తాగతా నిలబడినారు మిల్లు పక్కనే.

చెన్నై పోర్టు నుంచి పంపిస్తున్నా, మూడు ముక్కలు చేసినా, ఆడ క్రేను ఉండదు గదా. జా ప్లేట్లు రెండు సెట్లు, బెల్టులు ఎనిమిది, లిఫ్టర్లు ఒక సెట్టు, జల్లెళ్లు మూడు సైజులు, మాస్కులు ఒక పెట్టె, తువ్వాళ్లు కాదు అక్కా, సరైనవి. ఆచారి గారిచ్చిన వెలిగారం రెండు కిలోలు కూడా.


గెయిటా_సైట్
ఆ తర్వాత మూడు నెలలకి

లేటుగా రాస్తున్నా, క్షమించండి. మిల్లు బిగించి పన్నెండు రోజులు. జియాలజీ తమ్ముడు చెప్పిన రోలు పరీక్ష మిల్లు రాకముందే చేశా, మా రాయిలో 0.5 దాకా తోక బాగా వచ్చింది, 0.2 కి కొంచెం, ఆ తర్వాత దాదాపు లేదు. కాబట్టి రెండు దశలు పెట్టినాం, ముందు 1 మి.మీ., స్లూయిస్ మీద, అడుగుకి అంగుళం వాలు, తర్వాత మళ్లీ 0.2 కి.

స్లూయిస్ కింద కాలవలో పోయే ఇసక రోజూ సాయంత్రం ఒక బేసిన్ తీసి కడిగి చూస్తా. పాత కరాషా దగ్గర ఇట్టాగే తీస్తే ప్రతి బేసిన్లో పసుపు కనపడేది. మా దాంట్లో మొన్న ఏం లేదు. నిన్న ఏం లేదు. ఇయ్యాల ఒక్క రేణువు, ఆచారి గారు చెప్పినట్టు పల్చని రేకు, నీళ్ల మీద తేలతా. వేలితో ముంచితే మునిగింది.

పక్క గనోళ్లు ముగ్గురు వచ్చి చూసి పోయినారు. ఒకాయన మిల్లు కన్నా ఎక్కువ సేపు మాస్కు చేతిలో పట్టుకుని తిప్పి తిప్పి చూశాడు, వాళ్ల మిల్లోడికి దగ్గంట. ఆయనకి నాలుగు ఇచ్చినా. బావా, పెట్టె సగమైంది, వచ్చే కంటైనర్లో ఇంకో రెండు పెట్టెలు వెయ్యి.